బొమ్మ దొరకాలంటే మాట కలవాలి

ఆన్‌లైన్‌లో పెట్టిన బొమ్మ వెతికేవాళ్లకు దొరుకుతుందా లేదా అన్నది దాని అందం కంటే దానికి తగిలించిన మాటల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ మాటలనే ట్యాగులనీ, కీవర్డులనీ అంటారు. శ్రీకాళహస్తి కలంకారీ పటమైనా, చేర్యాల నకాషీ పటమైనా, తెర మీదే పుట్టిన డిజిటల్ బొమ్మైనా, అమ్మకానికి పెట్టినా ప్రదర్శనకు పెట్టినా, ఫొటో కింద ట్యాగులు రాసే గడి ఒకటి ఉంటుంది. బొమ్మకు వారాలు, నెలలు పట్టినా ఆ గడికి దక్కేది చాలాసార్లు చివరి అర నిమిషమే. అందులో ఏం రాయాలో, ఎందుకు రాయాలో తెలియాలంటే ముందు వెతుకులాట ఎలా సాగుతుందో తెలియాలి.

పుస్తకం చివరి పదసూచిక

లావుపాటి పుస్తకంలో ఒక విషయం కావలసినప్పుడు మొదటి పేజీ నుంచి ఎవరూ చదవరు. చివర ఉన్న పదసూచిక తీసి, మాట ఎదుట ఉన్న పేజీ నంబర్లు చూస్తారు. సెర్చ్ ఇంజన్ చేసేదీ అదే. లక్షల బొమ్మలున్న సైటు ముందుగానే ఒక పట్టిక తయారుచేసి పెట్టుకుంటుంది. ఒకవైపు మాట, దానికెదురుగా ఆ మాట ఉన్న బొమ్మల నంబర్లు. దీన్ని విలోమ సూచిక అంటారు. 'కలంకారీ' ఎదుట 14, 209, 3310, 7852 ఉన్నాయనీ, 'నెమలి' ఎదుట 77, 209, 7852, 9001 ఉన్నాయనీ అనుకుందాం. ఎవరైనా 'కలంకారీ నెమలి' అని అడిగితే రెండు వరసల్లోనూ ఉన్న 209, 7852 బయటికొస్తాయి. 3310లో కూడా కొమ్మ మీద చక్కటి నెమలి ఉండి ఉండవచ్చు. గీసినవారు ఆ మాట రాయలేదు కనుక ఆ వెతుకులాటలో ఆ బొమ్మ లేనట్టే.

యంత్రాలు ఇప్పుడు బొమ్మను చూసి అందులో ఏముందో చెబుతున్నాయి కదా, ఇంకా మాటలెందుకన్న ప్రశ్న సహజం. ఓపెన్‌ఏఐ సంస్థ 2021 జనవరిలో వెల్లడించిన క్లిప్ అనే నమూనాకు ఇంటర్నెట్ నుంచి సేకరించిన 40 కోట్ల బొమ్మలూ వాటి పక్కనున్న రాతలూ చూపించి శిక్షణ ఇచ్చారు. అలాంటి నమూనా చెట్టును, నెమలిని, చీరకట్టులో ఉన్న స్త్రీని గుర్తుపడుతుంది. కానీ గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపారో లేదో ఫొటోలో కనిపించదు. నల్ల గీతకు బెల్లం, ఇనుప ముక్కలు నానబెట్టి తీసిన కసిమి వాడారో, దుకాణంలో కొన్న రంగు వాడారో కనిపించదు. పటాన్ని శ్రీకాళహస్తిలో కలం పట్టి గీశారో, దాన్ని చూసి ఇంకెక్కడో మిషన్ మీద ముద్రించారో కూడా తెలియదు. పైగా ఆ నమూనా నేర్చుకున్నది అంతకుముందు మనుషులు బొమ్మల పక్కన రాసిన మాటల నుంచే, అదీ ప్రధానంగా ఇంగ్లీషు మాటల నుంచి. ఎవరూ రాయని మాటను యంత్రం కూడా నేర్చుకోలేదు.

ఒకే వస్తువు, ఎన్నో పేర్లు

మాట రాయడం సరే, ఏ మాట? అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. జార్జ్ ఫర్నాస్, థామస్ లాండవర్, లూయిస్ గోమెజ్, సూసన్ డుమైస్ అనే నలుగురు అమెరికా పరిశోధకులు 1987లో ప్రచురించిన వ్యాసంలో దీన్ని లెక్కగట్టి చూపించారు. ఒక వస్తువుకు మనసులో తోచిన పేరు పెట్టమని ఇద్దరిని విడివిడిగా అడిగితే, ఇద్దరూ ఒకే మాట చెప్పే అవకాశం 20 శాతం కన్నా తక్కువ అని తేలింది. అంటే బొమ్మ గీసినవారు తమకు తోచిన ఒకే ఒక్క మాట రాసి ఊరుకుంటే, అయిదుగురు వెతికేవాళ్లలో నలుగురికి అది తగలకపోవచ్చు. దీనికి వాళ్లు సూచించిన మందు కూడా సూటిగానే ఉంది: ఒక వస్తువుకు ఎన్ని మారుపేర్లు వీలైతే అన్నీ చేర్చడం.

ఈ చిక్కుకు కోరమాండల్ తీరం కంటే మంచి ఉదాహరణ దొరకదు. మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్లు 1611లో వర్తక స్థావరం పెట్టారు. డచ్చివాళ్లూ అక్కడ వ్యాపారం చేశారు. ఇక్కడి అద్దకం గుడ్డలు ఓడలెక్కి యూరప్ చేరాయి. అక్కడ ఇంగ్లీషువాళ్లు వాటిని చింట్జ్ అన్నారు, డచ్చివాళ్లు సిట్స్ అన్నారు, ఫ్రెంచివాళ్లు ఇండియెన్ అన్నారు. మంచం మీద పరిచే పెద్ద గుడ్డ పాలంపోర్ అయింది. ఇక్కడేమో చేత్తో గీసే పనికి వ్రాతపని అనీ, అచ్చులతో చేసేదానికి అద్దకం అనీ పేర్లు. కలంకారీ అన్నది పారసీ నుంచి వచ్చిన మాట, కలంతో చేసే పని అని దాని అర్థం. నేడు ఒక విద్యార్థి యూరప్ మ్యూజియంల ఆన్‌లైన్ జాబితాల్లో 'కలంకారీ' అని మాత్రమే వెతికితే, చింట్జ్ పేరుతో నమోదైన గుడ్డలు ఆమె కంటపడకుండా పోతాయి. గుడ్డ ఎక్కడికీ పోలేదు, పేరు మాత్రం కలవలేదు.

నిపుణుల మాటకూ మామూలు చూపరి మాటకూ ఉన్న దూరాన్ని కొన్ని అమెరికా మ్యూజియంలు స్టీవ్ అనే ప్రాజెక్టులో కొలిచాయి. కళాఖండాలను తెరమీద చూపించి, తోచిన ట్యాగులు రాయమని జనాన్ని అడిగారు. ఆ ట్యాగుల్లో 86 శాతం మ్యూజియం రాసుకున్న వివరాల్లో ఎక్కడా లేవు. ఇవి పనికిమాలిన మాటలని తీసిపారేయడానికి లేదు, వాటిలో ఎక్కువ భాగం వెతుకులాటకు పనికొస్తాయని మ్యూజియం సిబ్బందే తేల్చారు. చిత్రకారుడు ఎవరు, ఏ సంవత్సరం, ఏ మాధ్యమం అన్నవి మ్యూజియం రాసుకుంటుంది. చూడవచ్చినవాళ్లకు కనిపించేది గుర్రం, ఎర్రరంగు, ఏడుస్తున్న పిల్ల. రెండు చూపులూ నిజమైనవే. ట్యాగుల గడిలో రెంటికీ చోటుండాలి.

అరుదైన మాటకు బరువెక్కువ

మారుపేర్లన్నీ చేర్చమన్నారు కదా అని 'ఆర్ట్', 'పెయింటింగ్', 'బ్యూటిఫుల్', 'ఇండియా' అని నింపేస్తే పని జరగదు. కేంబ్రిడ్జిలో పనిచేసిన కారెన్ స్పార్క్ జోన్స్ 1972లో దీనికి గణిత రూపం ఇచ్చారు. ఒక మాట ఎన్ని పత్రాల్లో ఉంటే దాని బరువు అంత తగ్గాలి, ఎంత అరుదైతే అంత పెరగాలి అన్నది ఆమె సూత్రం. వెతుకులాట యంత్రాలు దశాబ్దాలుగా ఈ సూత్రం మీద నడిచాయి.

లెక్క చిన్నదే. ఒక సైటులో 10 లక్షల బొమ్మలున్నాయనుకుందాం. 'ఆర్ట్' అన్న ట్యాగు 5 లక్షల బొమ్మలకుంది. 10 లక్షలను 5 లక్షలతో భాగిస్తే 2, దాని లాగరిథం సుమారు 0.3. 'కలంకారీ' అన్న ట్యాగు 1,000 బొమ్మలకే ఉంది. 10 లక్షలను వెయ్యితో భాగిస్తే 1,000, దాని లాగరిథం 3. అంటే 'కలంకారీ' అన్న మాట 'ఆర్ట్' కంటే పదింతలు బరువైనది. 'ఆర్ట్' అని రాసినందువల్ల ఆ బొమ్మ 5 లక్షల బొమ్మల గుంపులో ఒకటి అవుతుంది తప్ప ఎవరి కంటా పడదు.

అలాగని అరుదుతనమే కొలమానం కాదు. 'కసిమి' అన్నది చాలా అరుదైన మాట. కానీ ఆ పనిలో ఉన్నవాళ్లు తప్ప ఆ మాటతో వెతికేవాళ్లు దాదాపు ఉండరు. వెతికే నోళ్లలో ఉండి, పోటీ తక్కువగా ఉన్న మాట కావాలి. ఒంటి మాటల్లో అలాంటివి తక్కువ. రెండు మూడు మాటలు కలిసిన పదబంధాల్లో ఎక్కువ దొరుకుతాయి. 'చెట్టు' చాలా విశాలం, 'కల్పవృక్షం కలంకారీ' ఇరుకు. 'కల్పవృక్షం కలంకారీ' అని అడిగే మనిషికి ఏం కావాలో స్పష్టంగా తెలుసు. అలాంటి పదిమంది రావడం, ఊరికే తిరగేసే వెయ్యిమంది రావడం కన్నా మేలు.

ఒక పటాన్ని ఎదుట పెట్టుకుంటే

శ్రీకాళహస్తి పటం ఒకటి ఊహించుకుందాం. ముతక నూలు గుడ్డ, నాలుగడుగుల పొడవు. అంచుల్లో తీగలు, పువ్వులు. మధ్యలో శింశుపా వృక్షం కింద తలవంచుకుని కూర్చున్న స్త్రీ. చెట్టు దిగి వచ్చి చేతులు జోడించి ఆమెకు ఉంగరం అందిస్తున్న వానరం. వెనక కాపలా రాక్షస స్త్రీలు. ఎరుపు, పసుపు, నలుపు, కొద్దిగా నీలం.

కళాచరిత్రకారుడు ఎర్విన్ పనోఫ్‌స్కీ 1939లో బొమ్మను చూడడంలో మూడు మెట్లున్నాయని వివరించాడు. మొదటి మెట్టు మీద కనిపించేది స్త్రీ, చెట్టు, కోతి, ఉంగరం. ఏ సంస్కృతీ తెలియనివాళ్లు కూడా ఇంతవరకు చెప్పగలరు. రెండో మెట్టు మీద అది సీత, హనుమంతుడు, అశోకవనం, సుందరకాండ. కథ తెలిసినవాళ్లకే ఈ మెట్టు అందుతుంది. మూడో మెట్టు మీద వియోగం, నమ్మకం, దూత చేసిన సేవ. గ్రంథాలయ శాస్త్రంలో సారా షాట్‌ఫర్డ్ 1986లో ఈ ఆలోచనను బొమ్మల వర్గీకరణకు అన్వయించారు. బొమ్మలో ఉన్నదేమిటి, బొమ్మ దేని గురించి అన్న రెండు ప్రశ్నలు వేర్వేరని ఆమె తేల్చి చెప్పారు. ట్యాగులు రాసేవారికి ఇది ఎంతో పనికొచ్చే తేడా. సొంత కథ సొంత ఊళ్లో అందరికీ తెలిసిందే కాబట్టి గీసినవారు రెండో మెట్టు దగ్గర ఆగిపోతారు. 'సీత', 'హనుమ' అని రాసి, 'చెట్టు కింద స్త్రీ' అన్నది మరచిపోతారు. గోడకు చెట్టు బొమ్మ కావాలని వెతికే మనిషికి రామాయణం తెలియకపోయినా ఈ పటం నచ్చవచ్చు, కానీ ఆ మనిషికి అది చేరే దారి ఉండదు.

ఈ మూడు మెట్లకు బొమ్మ బయటి సంగతులు తోడవుతాయి. గుడ్డ ఏమిటి, రంగులు ఎలాంటివి, ఏ పద్ధతిలో గీశారు, ఏ ఊరు, ఎవరు గీశారు, దేనికి వాడుకోవచ్చు. ఆఖరిదాన్ని కళాకారులు తరచూ వదిలేస్తారు. పటం కొనాలనుకునేవాళ్లు కళా సంప్రదాయం పేరుతో కాక అవసరం పేరుతో వెతకడం చాలా మామూలు: పూజగది అలంకరణ, గృహప్రవేశానికి కానుక, హాల్లో గోడకు తగిలించేది.

ఇక చోటు సంగతి. చేతిపనులు అమ్ముకునే ఎట్సీ సైటులో ఒక వస్తువుకు 13 ట్యాగులే ఇస్తారు, ఒక్కో ట్యాగు 20 అక్షరాలు దాటకూడదు. ఇంగ్లీషు లిపిలో శ్రీకాళహస్తికి 12 అక్షరాలు, కలంకారీకి 9, మధ్య ఖాళీకి 1. మొత్తం 22, గడిలో పట్టదు. కాబట్టి విడగొట్టాల్సిందే. 'శ్రీకాళహస్తి' ఒకటి, 'కలంకారీ పెయింటింగ్' ఒకటి. రెండోది ఖాళీతో కలిపి 18, హాయిగా పడుతుంది. 'హ్యాండ్ పెయింటెడ్ టెక్స్‌టైల్' ఇంగ్లీషులో సరిగ్గా 20. వ్యాపారంలో వాడుకలో ఉన్న 'పెన్ కలంకారీ' అన్నది 13 అక్షరాల్లో అచ్చు పనికీ చేతి గీతకూ తేడా చెప్పేస్తుంది. 'న్యాచురల్ డై కాటన్' 18, 'రామాయణ వాల్ ఆర్ట్' 17, 'హనుమాన్ సీత' 12, 'హౌస్‌వార్మింగ్ గిఫ్ట్' 17. ఇలా పద్ధతి, కథ, అవసరం, ఊరు ఒక్కోదానికి రెండు మూడు గడులు పంచితే పదమూడూ నిండుతాయి. ప్రతి ట్యాగులోనూ 'కలంకారీ' అన్న మాటే తిప్పి తిప్పి రాస్తే గడులు వృథా అవుతాయి. వస్తువు వర్గం, రంగు లాంటివాటికి ఆ సైటులో వేరే గడులున్నాయి, అక్కడ ఎంచుకున్నవీ ట్యాగుల్లాగే పనిచేస్తాయి. వాటిని మళ్లీ రాయనక్కర్లేదు.

సైటు మారితే నియమం మారుతుంది. ఫొటోలు, బొమ్మలు అమ్మే అడోబీ స్టాక్‌లో 49 కీవర్డుల వరకు ఇవ్వవచ్చు, అయితే మొదటి పదికి ప్రాధాన్యం ఎక్కువ. అక్కడ వరస ముఖ్యం. ఎక్కడైనా గీసినవారు పెట్టుకున్న శీర్షిక ఒక్కటే సరిపోదు. 'నిరీక్షణ' అన్నది ఈ పటానికి మంచి పేరే. దాన్ని మాత్రమే రాస్తే సీతా దొరకదు, కలంకారీ దొరకదు.

తెలుగు లిపిలో రాసేటప్పుడు

పైన చెప్పినవి ఏ భాషకైనా వర్తిస్తాయి. తెలుగులో ట్యాగు రాస్తే ఇంకొన్ని చిక్కులు వస్తాయి. వీటి గురించి చెప్పేవాళ్లు తక్కువ కనుక కొంచెం వివరంగా చూడాలి.

మొదటిది విభక్తి. 'పటం' అన్న మాట పటాలు, పటాన్ని, పటంలో, పటాలకు అని రూపం మారుతుంది. మనిషికి ఇవన్నీ ఒకటే. పదసూచికకు వేర్వేరు. ఇంగ్లీషులో మాట చివర్లు కత్తిరించి మూలాన్ని పట్టే పద్ధతులు సెర్చ్ ఇంజన్లలో పాతబడ్డాయి. తెలుగుకు ఆ సౌకర్యం అన్ని సైటుల్లోనూ ఉందని నమ్ముకోలేం. ట్యాగులో ప్రత్యయం లేని మాటే రాయాలి, ఏకవచనం ఒకటి, బహువచనం ఒకటి. చీర కొనదలచినవాళ్లు 'కలంకారీ చీర' అన్నంత సహజంగా 'కలంకారీ చీరలు' అనీ అడుగుతారు.

రెండోది వర్ణక్రమం. 'కలంకారి' అనీ, 'కలంకారీ' అనీ రాస్తారు. కలం సంగతి మరచి కళ అనుకునేవాళ్లు 'కళంకారి', 'కళంకారీ' అని కూడా రాస్తారు. నాలుగు రూపాలయ్యాయి. ఒప్పు ఏదన్నది భాషావేత్తల ప్రశ్న. వెతికేవాళ్లు ఏది టైపు చేస్తారన్నది ట్యాగుల ప్రశ్న. శీర్షికలోనూ వివరణలోనూ ఒప్పు రూపం ఉంచి, ట్యాగుల్లో వాడుకలో ఉన్న మరో రూపానికి ఒక గడి ఇవ్వడంలో తప్పులేదు. 'తోలుబొమ్మలాట' కలిపి రాస్తే ఒక మాట, 'తోలు బొమ్మలాట' అని విడదీస్తే రెండు. తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసేటప్పుడు ఇది ఇంకా పెరుగుతుంది. మొదటి 'తో'కు కొందరు టీ ఒక్కటే కొడతారు, కొందరు పక్కన హెచ్ చేరుస్తారు. కలపడం, విడదీయడం రెండు రకాలు. 'లాట'లో దీర్ఘానికి ఒక ఏ, రెండు ఏలు. రెండును మూడుసార్లు గుణిస్తే ఎనిమిది రూపాలు, ఒకే ఆటకు. శ్రీకాళహస్తి చివర 'తి'కీ ఇదే బాధ.

మూడోది కంటికి కనిపించదు. యూనికోడ్‌లో వెడల్పు లేని ఒక అదృశ్య అక్షరం ఉంది. పొల్లు అక్షరం తరువాతి అక్షరానికి ఒత్తుగా అంటుకోకుండా అది అడ్డుపడుతుంది. 'టెక్స్‌టైల్' అన్న మాటలో 'స్' విడిగా నిలబడడానికి కారణం అదే. అది లేకపోతే 'టెక్స్టైల్' అవుతుంది. కొన్ని కీబోర్డులు, రాత పరికరాలు మాట చివర పొల్లు వచ్చినప్పుడు కూడా దాన్ని తగిలిస్తాయి. అప్పుడు 'పెయింటింగ్' అన్న రెండు మాటలు తెర మీద అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి, లోపల మాత్రం ఒకదానిలో ఒక అక్షరం ఎక్కువ. ఆ అదృశ్య అక్షరాన్ని పట్టించుకోకుండా పోల్చే ఏర్పాటు సైటులో లేకపోతే ఒకటి అడిగితే రెండోది రాదు. అనుమానం వస్తే ఆ మాటను చెరిపి మళ్లీ టైపు చేసి, ఇంకో ఫోన్ నుంచి వెతికి చూడడమే మార్గం.

ఇంత చిక్కున్నప్పుడు అంతా ఇంగ్లీషులోనే రాస్తే సరిపోదా అంటే, సరిపోదు. తెలుగులో వెతికేవాళ్లున్నారు, వాళ్లకు దొరికేవి తక్కువ. పోటీ తక్కువైన చోట సరైన మాట పెట్టిన బొమ్మ ముందుకు రావడం తేలిక. రెండు లిపుల్లోనూ రాయాలి.

పదిమంది నోట వచ్చే మాట

సరైన మాటలు పట్టుకోవడానికి ఒక ఆట దారి చూపింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో లూయిస్ ఫాన్ ఆన్, లారా డాబిష్ తయారుచేసిన ఈఎస్‌పీ గేమ్ గురించి 2004లో పరిశోధన వ్యాసం వచ్చింది. ఒకరికొకరు తెలియని ఇద్దరికి ఒకే బొమ్మ చూపిస్తారు. మాట్లాడుకునే వీలుండదు. ఇద్దరూ ఒకే మాట టైపు చేస్తే గెలిచినట్టు, ఆ మాట బొమ్మకు ట్యాగు అవుతుంది. అప్పటికే చాలామందికి తట్టిన మాటలను ఆ బొమ్మకు నిషేధిస్తారు, దాంతో తరువాతి జంట ఇంకొంచెం లోతైన మాట వెతుక్కోవాలి. గూగుల్ 2006లో ఈ ఆటను తీసుకుని తన బొమ్మల వెతుకులాటకు వాడుకుంది.

ఇదే పని ఇంట్లో చేయవచ్చు. పటం ఫొటోను పక్కింటి పిన్నిగారికి, కాలేజీ చదివే కుర్రాడికి, వేరే రాష్ట్రంలో ఉన్న స్నేహితురాలికి పంపి, ఇలాంటిది కావాలంటే ఫోన్‌లో ఏమని కొడతారని అడగాలి. పేరు ముందే చెప్పకూడదు. ఇద్దరి నోట వచ్చిన మాట ఏదైనా ట్యాగే. గీసినవారికి ఆ మాట నచ్చకపోవచ్చు, పటాన్ని 'వాల్ హ్యాంగింగ్' అంటే చిన్నబుచ్చినట్టు అనిపించవచ్చు. అయినా అది వెతికేవారి మాట, దాన్ని గౌరవించాలి.

అబద్ధపు ట్యాగు

ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్డన్ 1960ల్లో చేసిన ప్రయోగాల నుంచి వెతుకులాటను రెండు కొలతలతో తూచడం స్థిరపడింది. దొరకాల్సినవాటిలో ఎన్ని దొరికాయన్నది రీకాల్. దొరికినవాటిలో పనికొచ్చేవి ఎన్నన్నది ప్రెసిషన్. ట్యాగులు పెంచేకొద్దీ మొదటిది పెరుగుతుంది, సంబంధం లేనివి చేరితే రెండోది పడిపోతుంది. బాగా వెతుకుతున్నారు కదా అని కలంకారీ పటానికి 'మధుబని', 'తంజావూరు' అని తగిలిస్తే కొందరు వస్తారు, వచ్చి చూసి వెనక్కి పోతారు. చూసినవాళ్లలో ఎంతమంది ఆగారో లెక్కవేసే సైటులో ఆ పోవడం బొమ్మను ఇంకా కిందికి తోస్తుంది.

ఈ దురలవాటు ఒక ఏర్పాటునే చంపేసింది. 1990ల్లో వెబ్‌పేజీల్లో కంటికి కనిపించని కీవర్డుల వరస ఉండేది, అప్పటి సెర్చ్ ఇంజన్లలో కొన్ని దాన్ని నమ్మేవి. అందులో సంబంధం లేని మాటలు కుక్కడం మొదలైంది. వెబ్‌పేజీల వరస నిర్ణయించడంలో ఆ కీవర్డులను తాము లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులో బహిరంగంగానే చెప్పింది.

కలంకారీ విషయంలో అబద్ధపు ట్యాగు నష్టం ఇంకా పెద్దది. పెడన, మచిలీపట్నం పద్ధతిలో చెక్క అచ్చులతో అద్దుతారు. అది గొప్ప పనే, కానీ దానికి 'చేత్తో గీసినది' అన్న ట్యాగు చెల్లదు, 'బ్లాక్ ప్రింట్' అనాలి. మిషన్ మీద తీసిన నకలుకు 'చేత్తో గీసిన కలంకారీ' అన్న ట్యాగు పెట్టిన ప్రతిసారీ, రోజుల తరబడి కలం పట్టి గీసి, ఉడకబెట్టి, పారే నీళ్లలో ఉతికి ఆరవేసిన పటం ఒక మెట్టు కిందికి జరుగుతుంది. కొనేవారికి ఆ రెంటి మధ్య తేడా తెర మీద తెలిసేది మాట ద్వారానే.

ట్యాగులు ఒకసారి రాసి వదిలేసేవి కావు. ఏ మాటతో ఎంతమంది వచ్చారో చాలా సైటులు లెక్క చూపిస్తాయి. రెండు మూడు నెలలకొకసారి చూసి, ఒక్కరినీ తేని మాటను తీసేసి కొత్తది పెట్టాలి. ఫొటో ఫైలుకు కెమెరా ఇచ్చిన నంబరు బదులు వస్తువు పేరు పెట్టడం, చూపులేనివారి కోసం చదివి వినిపించే వివరణ రాయడం కూడా ఇదే పనిలో భాగం.

కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కిన గుడ్డల్లో చాలావాటి పక్కన మ్యూజియం చీటీలో తీరం పేరుంది, శతాబ్దం ఉంది, గీసిన మనిషి పేరు లేదు. అప్పుడు రాసేవాళ్లు లేరు. ఇప్పుడు ఆ గడి గీసినవారి చేతిలోనే ఉంది. పదమూడు గడుల్లో ఒకదాన్ని ఊరి పేరుకు, ఇంకోదాన్ని సొంత పేరుకు తప్పక ఉంచుకోవాలి.